మాలీషు విద్యతో రాజుల మన్నన పొందిన షేక్ దీన్ ముహమ్మద్

ఆర్మూరు ప్రాంతంలో పసుపు తవ్వకాలు మొదలయ్యాయంటే మనుషుల నడుములకు పరీక్షాకాలం వచ్చినట్లే. సంక్రాంతి మొదలుకొని ఎండలు ముదిరే దాకా ఒకటే పని. భూమి తవ్వాలి, కొమ్మును, మండను వేరు చేయాలి. పూర్వం కడాయిల్లో ఉడకబెట్టేవారు, ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి. ఉడికిన పసుపును కళ్ళాల్లో ఆరబోయాలి, పాలిష్ పట్టాలి, బస్తాలకెత్తి యార్డుకు చేర్చాలి. యంత్రాలు ఎన్ని వచ్చినా చివరికి బస్తా ఎక్కేది మనిషి వీపు మీదికే. రైతులు, కూలీలు, హమాలీలు, దడ్వాయిలు, అందరిదీ ఒకటే మాట: మెడ పట్టేసింది, భుజం లేవడం లేదు, నడుము బిగుసుకుపోయింది.

ఇషా నమాజు తర్వాత ఇలాంటివారు మాలీషు చేసే ఉస్తాదు ఇంటి అరుగు మీద చేరతారు. ఆయన నువ్వుల నూనె వెచ్చచేసి బిగిసిన కండరాలను తన బొటనవేళ్ళతో నెమ్మదిగా విడదీస్తాడు. అరగంట తర్వాత లేచి వెళ్ళే మనిషి నడకలోనే తేడా కనిపిస్తుంది. మరునాడు తెల్లవారి అతడు మళ్ళీ బస్తా ఎత్తగలుగుతాడు, పిల్లలకు అన్నం పెట్టగలుగుతాడు.

అలాంటి ఒక ఉస్తాదు కుమారుడు మా వద్ద చదువుకున్నాడు. ఒకరోజు తరగతిలో ఎవరి తండ్రి ఏం పని చేస్తారని మేము అడిగితే, ఈ కుర్రవాడు తన తండ్రి పసుపు వ్యాపారం చేస్తారని చెప్పాడు. తోటి పిల్లలు నవ్వారు. అతడు తల వంచుకున్నాడు. మేము ఆ రోజు అతణ్ణి ఏమీ అనలేదు. అబద్ధం చెప్పినందుకు మందలించాలో, ఆ అబద్ధం చెప్పవలసి వచ్చిన పరిస్థితికి మనమందరం సిగ్గుపడాలో మాకు వెంటనే తోచలేదు. ఆ తర్వాత ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని వస్తూ, దారి వెంట ఆ పిల్లవాడికి ఒక మనిషి కథ చెప్పాము. ఆ కథనే ఈ రోజు పాఠకుల ముందుంచుతున్నాము. ఆయన పేరు షేక్ దీన్ ముహమ్మద్. ఇంగ్లీషు వారు తమ పలుకుబడిలో సేక్ డీన్ మహమ్మద్ అని రాసుకున్నారు.

పాట్నాలో బాల్యం

దీన్ ముహమ్మద్ 1759లో పాట్నాలో జన్మించారు. ప్లాసీ యుద్ధం జరిగి అప్పటికి రెండేళ్ళు. నవాబుల పాలన సడలి, ఈస్టిండియా కంపెనీ పట్టు బిగుస్తున్న రోజులవి. ఆయన తండ్రి కంపెనీ వారి బెంగాల్ సైన్యంలో పనిచేసేవారు. 1769లో విధి నిర్వహణలోనే తండ్రి మరణించారు. అప్పటికి బాలుడి వయస్సు పదేళ్ళు. ఇస్లాం యతీములకు ఎంత రక్షణ కల్పించిందో, యతీం సొమ్ము తినేవారిని ఎంతగా హెచ్చరించిందో మన పాఠకులకు తెలిసినదే. కాని సైనిక శిబిరాల మధ్య పెరిగే తండ్రి లేని పిల్లవాడికి ఆసరా అంత సులువుగా దొరికే కాలం కాదది.

ఆ సమయంలో గాడ్‌ఫ్రే బేకర్ అనే యువ ఐరిష్ సైనికాధికారి పాట్నాకు వచ్చాడు. బాలుడు అతడి వెంట శిబిరంలో చేరిపోయాడు. తల్లి వచ్చి ఇంటికి రమ్మని ప్రాధేయపడింది. కుమారుడు వెళ్ళలేదు. ఆ ఎడబాటు బాధ ఆయన మనస్సులో ఎంత లోతుగా నాటుకుందో, పాతికేళ్ళ తర్వాత పరాయి దేశంలో కూర్చుని రాసిన పుస్తకంలో దానిని తలచుకోవడాన్ని బట్టి మనం గ్రహించవచ్చు. దుబాయికో, సౌదీకో బిడ్డను పంపి బస్టాండు నుండి ఒంటరిగా తిరిగి వచ్చిన తల్లులు మన నిజామాబాదు జిల్లాలో ఎందరున్నారో! వారికి ఆ పాట్నా తల్లి బాధ వివరించి చెప్పనక్కరలేదు.

సైన్యంతోపాటు ఆయన ఉత్తరాదిలో అనేక పట్టణాలు చూశారు. సైన్యానికి సరుకులు అందించే పనులు చేశారు. 1781లో జమేదారు అయ్యారు, ఆ తర్వాత సుబేదారు హోదాకు చేరారు. దేశీయ సైనికుడికి ఆనాడు అంతకు మించిన మెట్లు దాదాపు లేవు. 1782లో బేకర్‌పై ప్రజల నుండి బలవంతపు వసూళ్ళు చేశాడన్న ఆరోపణలు వచ్చి, అతడు కొలువు వదులుకోవలసి వచ్చింది. దీన్ ముహమ్మద్ కూడా అతడితోపాటే రాజీనామా చేసి, 1784లో ఓడ ఎక్కి ఐర్లండులోని కార్క్ పట్టణం చేరారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. పుట్టిన దేశాన్ని మళ్ళీ చూడలేదు.

కార్క్ పట్టణంలో

కార్క్‌లో ఆయన బడిలో చేరి ఇంగ్లీషు నేర్చుకున్నారు. అక్కడే జేన్ డేలీ అనే ఐరిష్ యువతితో పరిచయమైంది. 1786లో ఇద్దరూ ఊరు విడిచి వెళ్ళి వివాహం చేసుకున్నారు. ఆ వివాహం ఆంగ్లికన్ చర్చి పద్ధతిలో నమోదైంది. ఈ విషయాన్ని గురించి తర్వాత ప్రస్తావిస్తాము.

1794లో ఆయన తన ప్రయాణాలను గురించి రెండు సంపుటాల గ్రంథం ప్రచురించారు. మిత్రుడికి రాసిన 38 ఉత్తరాల రూపంలో అది సాగుతుంది. ఒక భారతీయుడు ఇంగ్లీషులో రాసి అచ్చువేసిన మొట్టమొదటి పుస్తకంగా దానికి చరిత్రలో స్థానం లభించింది. మూడు వందల మందికి పైగా ముందుగానే చందా కట్టి ఆ పుస్తకం అచ్చుకు తోడ్పడ్డారు. అందులో ఆయన భారతీయ ముస్లింల ఆచారాలను, నగరాలను, పండుగలను గౌరవంగా పరిచయం చేశారు. ఇంగ్లీషు వారు మన దేశాన్ని గురించి రాయడమే తప్ప మనవారు తమ గురించి తాము ఇంగ్లీషులో రాసుకోని రోజుల్లో ఒక పాట్నా ముస్లిం ఆ పని చేశాడు. 1799లో లక్నోకు చెందిన మీర్జా అబూ తాలిబ్ ఖాన్ యూరప్ యాత్రలో భాగంగా కార్క్ వెళ్ళినప్పుడు ఆయనను కలుసుకున్నారు. తాను ఫార్సీలో రాసిన యాత్రా గ్రంథంలో ఆ కలయికను నమోదు చేశారు.

ఎదురుదెబ్బలు

1807 ప్రాంతంలో దీన్ ముహమ్మద్ కుటుంబంతో లండన్ చేరారు. అక్కడ బాసిల్ కోక్రేన్ అనే ధనికుడి దగ్గర పని దొరికింది. ఈ కోక్రేన్ మద్రాసులో ఉండి, నౌకాదళానికి సరుకులు సరఫరా చేసే కాంట్రాక్టులతో గొప్ప సంపద గడించినవాడు. లండన్‌లోని పోర్ట్‌మన్ స్క్వేర్‌లో తన ఇంట ఆవిరి స్నానశాల ఏర్పాటు చేశాడు. ఆవిరితో చెమట పట్టించిన తర్వాత శరీరాన్ని మర్దన చేసే మన దేశపు పద్ధతిని దీన్ ముహమ్మద్ అక్కడ అమలులో పెట్టారు. హిందుస్తానీలో ఒత్తడాన్ని చాంప్నా అంటారు. చంపీ అన్న మాట మన ఇళ్ళల్లో నేటికీ ఉంది. ఆ మాటే ఇంగ్లీషు నోట పడి షాంపూ అయింది. ఈనాడు పిల్లలు తలకు రాసుకునే సీసా మీద కనిపించే ఆ పేరుకు అసలు అర్థం ఒంటిని ఒత్తడమే.

1810లో ఆయన సొంతంగా లండన్‌లోని జార్జ్ స్ట్రీట్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ అనే భోజనశాల తెరిచారు. మన దేశపు కూరలు, వెదురు కుర్చీలు, హుక్కా ఏర్పాట్లతో అది నడిచింది. లండన్‌లో భారతీయుడు నడిపిన తొలి భోజనశాల అదే. కాని ఖర్చులకు రాబడి చాలలేదు. రెండేళ్ళు తిరగకుండానే, 1812లో, దివాలా తీశారు. యాభైమూడేళ్ళ వయస్సు, భార్యాబిడ్డలు, చేతిలో చిల్లిగవ్వ లేదు. మరుసటి సంవత్సరం 1813లో, ఇళ్ళల్లో సేవకుడిగా పని కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చుకున్నారు. ఒకనాటి సుబేదారు, గ్రంథకర్త, హోటలు యజమాని నౌకరీ కోసం వీధిన పడ్డారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగవలసిందిగా పాఠకులను కోరుతున్నాము. వ్యాపారంలో నష్టపోయినవారు, అప్పుల వాళ్ళకు ముఖం చూపించలేక ఇల్లు కదలనివారు మనలో లేరా? పసుపు ధర ఒక ఏడు ఆకాశానికి ఎగసి, మరో ఏడు నేల కూలడం మన రైతులకు అనుభవమే. యాభై దాటాక దివాలా తీసినవాడు ఇక లేవడనుకుంటాము. దీన్ ముహమ్మద్ పేరు ప్రపంచానికి తెలిసింది ఆ తర్వాతనే. ఆయన లేచింది పెట్టుబడితో కాదు, తన చేతులలో ఉన్న విద్యతో.

బ్రైటన్ స్నానశాల

1814లో ఆ దంపతులు ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రైటన్ పట్టణం చేరారు. సముద్ర స్నానం ఆరోగ్యానికి మంచిదని ధనికులు, రాజకుటుంబీకులు అక్కడికి వచ్చే రోజులవి. మొదట ఒక స్నానశాలలో పనికి కుదిరారు. పోనుపోను సొంత స్నానశాల ఏర్పడింది. 1821లో సముద్రానికి ఎదురుగా కింగ్స్ రోడ్డు మీద మహమ్మద్స్ బాత్స్ పేరుతో విశాలమైన భవనం వెలిసింది. పేరు మార్చుకుంటే వ్యాపారానికి మేలని ఎవరైనా అనుకునే చోట, ఆయన తన పేరునే గోడ మీద రాయించారు.

ఆయన చికిత్సా విధానం ఇలా ఉండేది. ముందు రోగిని మూలికలు వేసిన వేడి ఆవిరిలో ఉంచేవారు. బాగా చెమట పట్టి కండరాలు మెత్తబడిన తర్వాత ఉన్ని గుడ్డతో చేసిన గుడారం వంటి దానిలోకి చేర్చేవారు. ఆ గుడ్డకు చేతుల తొడుగులు అమర్చి ఉండేవి. మర్దన చేసే మనిషి బయటే నిలబడి, ఆ తొడుగులలో నుండి తన చేతులు మాత్రమే లోపలికి చాపి, బిగిసిన కండరాలను, కీళ్ళను పిసికి, ఒత్తి, సాగదీసేవాడు. పురుషుల విభాగం ఆయన చూసుకుంటే, స్త్రీల విభాగం జేన్ చూసుకునేది. రోగి శరీరాన్ని కళ్ళకు అప్పగించకుండా చేతులకు మాత్రమే అప్పగించే ఈ ఏర్పాటు మాకు ఎంతో నచ్చింది. సత్ర్, పర్దా, హయా అన్న మాటలు తెలిసిన ఇంట పెరిగినవాడికి ఇలాంటి ఆలోచన రావడంలో ఆశ్చర్యమేముంది?

కీళ్ళవాతం, గౌట్, బెణుకులు, పట్టేసిన నడుములు, ముడుచుకుపోయిన కాళ్ళు చేతులు, ఇలాంటి బాధలతో జనం వచ్చేవారు. మొదట్లో వైద్యులు, పత్రికల వారు ఎగతాళి చేశారు. పరాయి దేశపు నాటు వైద్యమని కొట్టిపారేశారు. ఆయన వాదులాడలేదు. పని చేశారు. బాగుపడినవారు వదిలి వెళ్ళిన చేతికర్రలను, ఊతకర్రలను స్నానశాల గోడలకు వేలాడదీశారు. ఎగతాళి చేసినవారికి ఆ కర్రలే జవాబు చెప్పాయి. తర్వాత తర్వాత వైద్యులే తమ రోగులను ఆయన దగ్గరికి పంపసాగారు. 1822లో తన చికిత్సా విధానం మీద ఆయన ఒక గ్రంథం ప్రచురించారు. అది 1826లో, 1838లో మళ్ళీ అచ్చయింది. నాలుగవ జార్జి రాజు, ఆ తర్వాత నాలుగవ విలియం రాజు ఆయనను తమ ఆస్థాన మర్దన వైద్యుడిగా నియమించుకున్నారు. కంపెనీ సిపాయి కుమారుడు, కంపెనీని ఏలిన దేశపు రాజు భుజం పట్టి ఒత్తి, నొప్పి తగ్గించి, గౌరవం పొందాడు.

హకీముల నాటి విద్య

ఈ మర్దన విద్య దీన్ ముహమ్మద్ కనిపెట్టినది కాదు. యూనానీ వైద్యంలో దీనిని దల్క్ అంటారు. మందు మింగించకుండా స్నానం, వ్యాయామం, మర్దన, హిజామా వంటి పద్ధతులతో చేసే చికిత్సకు ఇలాజ్ బిత్ తద్బీర్ అని పేరు. క్రీస్తుశకం 980లో బుఖారా సమీపంలో పుట్టి 1037లో మరణించిన ఇబ్నె సీనా తన అల్ ఖానూన్ గ్రంథంలో మర్దనను వివరంగా విభజించి చూపారు. గట్టి మర్దన శరీరాన్ని బిగుతు పరుస్తుంది. మెత్తని మర్దన సడలిస్తుంది. ఎక్కువసేపు చేసేది ఒళ్ళు తగ్గిస్తుంది. మితంగా చేసేది పుష్టినిస్తుంది. శ్రమకు ముందు ఒళ్ళు వెచ్చచేసేది ఒకటి, శ్రమ తర్వాత అలసట తీర్చేది ఇంకొకటి. అలసటలో కూడా రకాలున్నాయని, కండరాలు లాగినట్లు బిగుసుకుపోయే అలసట ఒకటని ఆయన వేరు చేసి చెప్పారు. మన హమాలీ సోదరుడు సాయంత్రానికి అనుభవించేది సరిగ్గా అదే.

మన హైదరాబాదు తాలీంఖానాల్లో పహిల్వానులు శిష్యులకు కుస్తీతోపాటు మాలీషు కూడా నేర్పేవారు. చార్మినారు పక్కన ఉన్న నిజామియా తిబ్బీ కళాశాల, యూనానీ ఆసుపత్రి ఆ పాత విద్యకు ఆలవాలాలు. అందుచేత ఆర్మూరు అరుగు మీద నూనె గిన్నెతో కూర్చున్న ఉస్తాదు వట్టి కూలివాడు కాడు. తెలిసినా తెలియకపోయినా వెయ్యేళ్ళ విద్యకు అతడు వారసుడు.

దాచకూడని రెండు విషయాలు

గొప్పవారి జీవితాలు రాసేటప్పుడు మచ్చలు కప్పిపెట్టడం మనలో కొందరికి అలవాటు. మేము అలా చేయదలచుకోలేదు.

మొదటిది ఆయన ధర్మం సంగతి. ఆయన పెళ్ళి చర్చి పద్ధతిలో జరిగింది. పిల్లలకు బాప్తిజం ఇప్పించారు. 1851 ఫిబ్రవరి 24న మరణించినప్పుడు బ్రైటన్‌లోని సెయింట్ నికోలస్ చర్చి ఆవరణలోనే ఖననం చేశారు. మనుమళ్ళలో ఒకరు చర్చి మతాధికారి కూడా అయ్యారు. ఇది చదివినప్పుడు మా మనస్సు బాధపడింది. ఆయన తన పేరులో నుండి దీన్‌ను గాని ముహమ్మద్‌ను గాని తీసివేయలేదు. కాని పేరు నిలిచింది, పిల్లల చేతికి నమాజు అందలేదు. ఇంగ్లండులో మసీదుగానే కట్టిన తొలి భవనం వోకింగ్ పట్టణంలో 1889లో లేచింది. అప్పటికి ఆయన పోయి 38 ఏళ్ళు. చుట్టూ అజాన్ వినిపించని ఊళ్ళో, తోటి ముస్లిం కుటుంబం ఒక్కటీ లేని వీధిలో అరవై ఏడేళ్ళు బతికిన మనిషి గుండెలో ఏముందో అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. తీర్పు చెప్పడం మన పని కాదు. మన పని పాఠం నేర్చుకోవడం. మన పిల్లలు ఈనాడు అమెరికాకు, ఆస్ట్రేలియాకు వెళుతున్నారు. పేరు ఒక్కటే పెట్టి పంపితే చాలదు. ఆ పేరుకు అర్థం కూడా వెంట కట్టి పంపాలి.

రెండవది మా కుర్రవాడికి దగ్గరి సంగతి. దీన్ ముహమ్మద్ మొదటి పుస్తకం ప్రకారం ఆయన 1759లో పుట్టారు, సైన్యంలో పనిచేశారు. కాని బ్రైటన్‌లో రాసిన చికిత్సా గ్రంథంలో తాను 1749లో పుట్టానని, వైద్యవిద్య అభ్యసించి కంపెనీలో వైద్యుడిగా పనిచేశానని చెప్పుకున్నారు. పదేళ్ళ వయస్సు అదనంగా కలుపుకుని, ఆ పదేళ్ళను లేని చదువుతో నింపారన్నమాట. ఆయన సమాధి రాతి మీద కూడా 101 ఏళ్ళ వయస్సు అని చెక్కారు. అసలు వయస్సు తొంభై పైచిలుకు.

ఎందుకు ఈ అబద్ధం? మాలీషు చేసేవాడంటే లోకువ, డాక్టరంటే గౌరవం, అందుకు. గోడ నిండా ఊతకర్రలు వేలాడుతున్నా, రాజుల మన్నన దొరికినా, ఆయనకు తన చేతి విద్య ఒక్కటే చాలునన్న ధైర్యం కలగలేదు. అది తప్పే. ఇస్లాం వ్యాపారంలో సత్యాన్ని ఎంతగానో నొక్కి చెప్పింది. చికిత్స చేసే మనిషి తనకు లేని చదువును ఉన్నట్లు చెప్పడం మరీ ప్రమాదకరం. కాని ఆ తప్పులో సగం, నిజం చెప్పినవాణ్ణి చిన్నచూపు చూసే సమాజానిది కూడా. మా తరగతిలో కుర్రవాడు చెప్పిన అబద్ధమూ, రెండు శతాబ్దాల నాడు రాజవైద్యుడు చెప్పిన అబద్ధమూ ఒకే విత్తనం నుండి మొలిచాయి.

దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) పాలకులై ఉండి కూడా తమ చేతి కష్టార్జితమే భుజించేవారని, జకరియ్యా ప్రవక్త (అలైహిస్సలాం) వడ్రంగి పని చేసేవారని దైవప్రవక్త (స) మనకు తెలియజేశారు. మన శరీరానికి కూడా మన మీద హక్కు ఉందని బోధించారు. అలాంటప్పుడు ఇతరుల శరీరాలకు ఆ హక్కు అందేలా చూసే పని చిన్నది ఎలా అవుతుంది? మసీదులో మొదటి వరుసలో భుజానికి భుజం ఆనించి నిలబడే మనం, బయటికి వచ్చాక హజ్జాం అని, మాలీషువాడని ఒకరిని దూరంగా కూర్చోబెట్టడం ఏ షరీఅత్‌లో ఉంది?

చివరి రోజులు

1830లలో ఆయన కీర్తి శిఖరానికి చేరింది. ఆ తర్వాత కాలం మారింది. విక్టోరియా రాణికి బ్రైటన్ మీద మక్కువ లేకపోయింది. పోటీ స్నానశాలలు పెరిగాయి. 1841లో ఆ పెద్ద భవనం ఆయన చేజారింది. చిన్న చోటుకు మారి పని కొనసాగించారు. 1850 డిసెంబరులో జేన్ మరణించింది. రెండు నెలలు తిరగగానే ఆయన కూడా వెళ్ళిపోయారు. తర్వాత చాలాకాలం లోకం ఆయనను మరచిపోయింది. 2005లో లండన్‌లో ఆయన భోజనశాల ఉన్న వీధిలో స్మారక ఫలకం పెట్టారు.

ఆయన మనుమడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో వైద్యుడయ్యాడు. 1849లో పుట్టి 1884లో చిన్న వయస్సులోనే మరణించాడు. మూత్రపిండాల జబ్బు కనిపించక ముందే రక్తపోటు పెరిగి ఉండవచ్చునని గుర్తించిన తొలి వైద్యులలో అతడొకడు. ఈనాడు మనం బీపీ చూపించుకున్నప్పుడు ఆ ఇంటి శ్రమ ఫలం కొంత మనకూ అందుతున్నట్లే. తాత తనకు లేకపోయినా ఉందని చెప్పుకున్న చదువును మనుమడు నిజంగానే సంపాదించాడు.

కొన్ని జాగ్రత్తలు

ఈ వ్యాసం చదివి ఎవరైనా మాలీషుకు బయలుదేరితే నాలుగు మాటలు గుర్తుంచుకోవాలి. శ్రమ వల్ల పట్టేసిన మెడకు, భుజాలకు, వీపుకు, పిక్కలకు మర్దన ఉపశమనం ఇస్తుంది. నూనె గోరువెచ్చగా ఉండాలి, కాలేంత వేడి కూడదు. షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది కనుక మరింత జాగ్రత్త అవసరం. వెన్నుపూస ఎముక మీద బలంగా నొక్కకూడదు, ఇరువైపులా కండరం మీదనే ఒత్తాలి. మెడను ఒక్క కుదుపుతో విరిచి శబ్దం చేయించడం మానుకోవాలి. నాభి నుండి మోకాళ్ళ వరకు పురుషుడి సత్ర్ అని మరవకుండా లుంగీ కప్పుకుని చేయించుకోవాలి.

జ్వరం ఉన్నప్పుడు, ఎముక విరిగిన అనుమానం ఉన్నప్పుడు, ఒక కాలు పిక్క మాత్రమే ఉబ్బి ఎర్రబడి నొప్పి పెడుతున్నప్పుడు మర్దన అసలు చేయించకూడదు. నడుము నొప్పితోపాటు కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం మీద అదుపు పోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతి లాగుడు, చెమటలు కలిసి వస్తే అది కండరాల నొప్పి కాకపోవచ్చు. అది గుండెపోటు కావచ్చు. ఇలాంటి రోగిని తాకకుండా డాక్టరు దగ్గరికి పంపించగలిగినవాడే నిజమైన ఉస్తాదు. తనకు తెలియనిది తెలియదని చెప్పడం కూడా ఆ విద్యలో భాగమే. దీన్ ముహమ్మద్‌కు కూడా కష్టమైన పాఠం అది.

మా కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాము. కథ విని అతడు చాలాసేపు మాట్లాడలేదు. కొన్నాళ్ళకు వాళ్ళ వీధి మీదుగా వెళుతున్నప్పుడు మేము చూశాము. తండ్రి ఒక హమాలీకి భుజం పడుతున్నాడు. ఈ పిల్లవాడు ఒక చేతిలో పాఠ్యపుస్తకం, మరో చేతిలో నూనె గిన్నె పట్టుకుని పక్కన కూర్చున్నాడు. మమ్మల్ని చూసి గిన్నె దాచిపెట్టలేదు. లేచి నిలబడి సలాం చేశాడు.

హలాల్ కష్టంతో బతికే చేతులకు అల్లాహ్ బలాన్ని, బరకత్‌ను ప్రసాదించుగాక! ఆ చేతులను గౌరవించే బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.